ఒక్క అక్షరం మారితే

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



పురుడు వచ్చిన ఇంట్లో మొదటి ముచ్చట ఏమిటో మీకందరికీ తెలుసు. "కళ్లు అచ్చం వాళ్ల నాన్నవే", "నుదురు మేనత్త పోలిక", "ఆ గడ్డం మీద నొక్కు మా అమ్మది కాదూ!" అంటూ చూడవచ్చిన వాళ్లంతా ఆ పసిగుడ్డును తలా కాస్త పంచేసుకుంటారు. మంచి పోలికల దగ్గర రెండు వైపులవారికీ పోటీయే. అదే బిడ్డ ఏడాది తిరక్కుండా మంచాన పడి, ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు అని డాక్టరు చెప్పాడనుకోండి, పంచుకోవడానికి ఒక్కరూ మిగలరు. వాటా మొత్తం తల్లికే. "కడుపుతో ఉండగా ఏం తిందో!", "గ్రహణం నాడు బయటికి వచ్చి ఉంటుంది", "వాళ్ల వంశంలోనే ఉంది, దాచిపెట్టి చేశారు". ఈ మాటలు పడని ఆడది మన దేశంలో అరుదు.

ఈ మాటల్లో నిజం ఎంత? ఊరికే ఓదార్పు కోసం "నీ తప్పేమీ లేదమ్మా" అంటే సరిపోదు. ఎందుకు లేదో తెలియాలి. అందుకు మన ఒంట్లో ప్రతిక్షణం జరిగే ఒక పని గురించి తెలుసుకోవాలి. జీవకణం తనకు కావలసిన మాంసకృత్తులను ఎలా తయారు చేసుకుంటుంది అన్నదే ఆ పని. పేరు వినగానే ఇది కాలేజీ పిల్లల చదువు, మనకెందుకు అని రేడియో కట్టెయ్యకండి. దండ గుచ్చడం వచ్చిన ప్రతివారికీ ఇది అర్థమవుతుంది.

మాంసకృత్తులంటే, అవేనండీ, ప్రోటీన్లంటే, మనకు పప్పు, పాలు, గుడ్డు గుర్తుకొస్తాయి. అవి తిండిలో ఉండేవి. మన ఒంట్లో తయారయ్యే మాంసకృత్తులు వేల రకాలు. జడలోని వెంట్రుక మాంసకృత్తే. తిన్న అన్నాన్ని అరిగించే రసాల్లో పనిచేసేది మాంసకృత్తే. రక్తంలోని చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ మాంసకృత్తే. రక్తానికి ఎరుపునిచ్చి, ఊపిరితిత్తుల దగ్గర ప్రాణవాయువును ఎక్కించుకుని ఒళ్లంతా పంచిపెట్టే హీమోగ్లోబిన్ కూడా మాంసకృత్తే.

ఇన్ని రకాల పనులు చేసే వీటి నిర్మాణం మాత్రం ఒక్క తీరుగానే ఉంటుంది. ప్రతి మాంసకృత్తూ ఒక దండ. దండలో పూలకు బదులు ఎమినో ఆమ్లాలనే చిన్న చిన్న పదార్థాలు వరసగా గుచ్చి ఉంటాయి. అవి 20 రకాలు. మల్లె, కనకాంబరం, మరువం అని మనం ఎలా అంటామో, వాటికీ అలాగే పేర్లున్నాయి. ఇన్సులిన్ రెండు పేటల చిన్న దండ. ఒక పేటలో 21, రెండో పేటలో 30, మొత్తం 51 పూలు. హీమోగ్లోబిన్ నాలుగు దండల ముద్ద. ఆల్ఫా అనే రకం రెండు, బీటా అనే రకం రెండు. ఆల్ఫాకు 141 పూలు, బీటాకు 146.

మనం గుచ్చే దండకూ దీనికీ ఒక తేడా ఉంది. మన దండలో ఒక మల్లె అటూ ఇటూ అయితే ఎవరూ పట్టించుకోరు. కణం గుచ్చే దండలో వరసే ప్రాణం. గుచ్చడం పూర్తవుతూండగానే ఆ దండ తనంతట తాను మెలికలు తిరిగి, ముడుచుకుని ఒక ఆకారానికి వస్తుంది. ఏ ఆకారం వస్తుందో, ఏ పని చేస్తుందో నిర్ణయించేది ముఖ్యంగా ఆ వరసే.

మరి ఏ పువ్వు తర్వాత ఏ పువ్వు గుచ్చాలో చెప్పేది ఎవరు? దానికి కణంలో ఒక పుస్తకం ఉంది. దాని పేరు డి.ఎన్.ఏ. కణం నడిమధ్య కేంద్రకం అనే అర ఉంటుంది. పాతకాలం ఇళ్లలో దస్తావేజులు భోషాణంలో పెట్టి తాళం వేసినట్లు, ఆ పుస్తకాన్ని కణం ఈ అరలో దాచుకుంటుంది. ఒక్క కణంలోని డి.ఎన్.ఏ. దారాన్ని సాగదీసి కొలిస్తే సుమారు రెండు మీటర్లుంటుంది. దాన్ని చుట్టలు చుట్టి, కంటికి కనిపించనంత చిన్న అరలో అమర్చింది ప్రకృతి. ఈ పుస్తకం మనకు రెండు ప్రతులుగా ఉంటుంది. ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత కావలసి వస్తుంది.

మన తెలుగుకు యాభై పైచిలుకు అక్షరాలున్నాయి. ఈ పుస్తకానికి నాలుగే. ఏ, టి, జి, సి. ఆ నాలుగు అక్షరాలతోనే ఒక్కొక్క ప్రతిలో సుమారు 300 కోట్ల అక్షరాల రాత రాసి ఉంది. అందులో మాంసకృత్తుల దండలకు సంబంధించిన పాఠాలు సుమారు 20 వేలు. ఒక్కొక్క పాఠాన్ని జన్యువు అంటారు.

మామూలుగా ప్రతి కణంలోనూ పుస్తకమంతా ఉంటుంది. కాని ప్రతి కణం పుస్తకమంతా చదవదు. తనకు కావలసిన పేజీలే తెరుస్తుంది. హీమోగ్లోబిన్ పాఠం కంటిలోనూ ఉంది, కాలేయంలోనూ ఉంది. దాన్ని పెద్దయెత్తున చదివేవి మాత్రం ఎముకల మూలుగలో తయారవుతున్న ఎర్ర రక్తకణాలే. చూడండి, ఆ కణం ఎంత గడుసుదో! కావలసిన పాఠాలు ఎత్తిరాసుకున్నాక భోషాణాన్నే బయటికి నెట్టేస్తుంది. ఆ ఖాళీలో కూడా హీమోగ్లోబిన్‌నే నింపుకుని రక్తంలోకి బయల్దేరుతుంది. ఒక్కొక్క ఎర్ర కణంలో సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ ముద్దలుంటాయి. ఇలాంటి కణాలు మన ఒంట్లో క్షణానికి 20 లక్షలకు పైగా పుడుతున్నాయి. మనం కూర తరుగుతున్నా, నిద్రపోతున్నా ఆ పని ఆగదు.

ఎత్తిరాసుకోవడం అన్నాను కదా, అది ఎలాగో చూద్దాం. భోషాణంలోని పుస్తకం బయటికి రాదు. అందుకని కావలసిన పాఠానికి మాత్రం ఒక నకలు చీటీ రాస్తారు. ఆ చీటీని వార్తాహర ఆర్.ఎన్.ఏ. అంటారు. నకలు రాసేటప్పుడు టి అనే అక్షరానికి బదులు యు అనే అక్షరం వాడతారు, మిగతా రాత అదే. పుస్తకంలో పాఠానికి మధ్యమధ్య దండకు అక్కర్లేని పంక్తులు కూడా ఉంటాయి. బీటా దండ పాఠంలో అలాంటివి రెండు చోట్ల ఉన్నాయి. వాటిని కత్తిరించి, మిగిలిన ముక్కలు అతికించి, సాపు చేసిన చీటీని కేంద్రకం గుమ్మం దాటిస్తారు.

చీటీ చేరే చోటు పేరు రైబోసోము. దండ గుచ్చేది ఇదే. ఇది చీటీని ఒక చివర పట్టుకుని మూడేసి అక్షరాల చొప్పున చదువుకుంటూ పోతుంది. మూడు అక్షరాలు ఒక మాట, ఒక మాటకు ఒక పువ్వు. పూలు అందించడానికి వేరే చిన్న ఆర్.ఎన్.ఏ.లున్నాయి. ఒక్కొక్కటి తనకు కేటాయించిన ఎమినో ఆమ్లాన్ని పట్టుకుని వస్తుంది. చీటీ మీద మాటకు తన దగ్గరున్న గుర్తు సరిపోతే పువ్వు అందిస్తుంది, లేకపోతే పక్కకు తప్పుకుంటుంది. "ఆపు" అని చెప్పే మాటలు మూడున్నాయి. వాటిలో ఒకటి రాగానే దండ తెంచి వదిలేస్తుంది రైబోసోము. బీటా దండకు మొదలు పెట్టే మాటా, ఆపే మాటా కలుపుకుంటే 148 మాటలు, అంటే 444 అక్షరాలు. ఆ దండ గుచ్చడానికి ఒక్క నిమిషం కూడా పట్టదు.

ఈ పనికి శక్తి కావద్దూ? ప్రతి పువ్వూ గుచ్చడానికి శక్తి ఖర్చవుతుంది. దానికి మూలధనం ఏ.టి.పి. అనే పదార్థం. 1929లో అమెరికాలో ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి దాన్ని కండరాల్లో కనుక్కున్నవారు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

అలాగే పూలు నిండుకోకూడదు. 20 రకాల ఎమినో ఆమ్లాల్లో 9 రకాలను మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండిలోంచి రావలసిందే. ఒక రకం కరువైతే, ఆ మాట దగ్గర గుచ్చడం కుంటుపడుతుంది. మిగతావి బుట్టలకొద్దీ ఉన్నా లాభం లేదు. బియ్యంలో లైసిన్ అనే రకం తక్కువ. పప్పులో అది పుష్కలం. పప్పులో తక్కువగా ఉండే మిథియోనిన్ బియ్యంలో ఉంది. పప్పన్నం కలిపి తినమన్న మన పెద్దలకు ఈ పేర్లు తెలియకపోయినా, ఆ జంట మాత్రం సరిగ్గా కుదిరింది.

మూడక్షరాల మాటల అర్థం మనిషికి తెలిసింది 1961 నుంచి 1966 లోపున. 1961లో అమెరికాలో నైరెన్‌బర్గ్, మతై అనే ఇద్దరు యు అక్షరం ఒక్కటే వరసగా ఉన్న చీటీని గుచ్చేవారి ముందు పెట్టారు. ఫినైల్ అలనైన్ అనే ఒకే రకం పువ్వుతో దండ వచ్చింది. అదే మొదట తెలిసిన మాట. తరువాత అవిభక్త పంజాబులోని ఒక పల్లెటూళ్లో పుట్టిన హరగోవింద ఖొరానా కోరిన వరసలో అక్షరాలు కూర్చి చీటీలు తయారుచేసి, మిగిలిన మాటల గుట్టు విప్పడంలో పెద్ద పాత్ర వహించారు. నైరెన్‌బర్గ్, హోలీ, ఖొరానా ముగ్గురికీ 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇక ఆ రైబోసోము రూపం ఎలా ఉంటుందో పట్టుకోవడానికి ఇజ్రాయిలులో ఆడా యొనాత్ అనే ఆమె ఎన్నో ఏళ్లు పట్టు వదలకుండా పనిచేసింది. అది జరిగే పని కాదన్నవారే ఎక్కువ. 2009లో చిదంబరంలో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్‌తోనూ, స్టైట్జ్‌తోనూ కలిసి ఆమె నోబెల్ అందుకుంది. రసాయనశాస్త్రంలో ఒక స్త్రీకి ఆ బహుమతి రావడం 1964 తర్వాత అదే మొదలు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. చీటీలో అక్షరం మారితే ఏమవుతుంది?

తెలుగులోనే ఒక చిన్న ఆట ఆడి చూద్దాం. మూడేసి అక్షరాల మాటలతో ఒక వాక్యం. "కమల పలక కడిగె." బాగానే ఉంది కదా. ఇందులో ఒక్క అక్షరం మార్చండి, ల బదులు డ పెట్టండి. "కమల పడక కడిగె." అక్షరం ఒక్కటే మారింది, కాని పలక పోయి పడక వచ్చింది. వాక్యం ఇంకా వాక్యంలాగే ఉంది, పని మాత్రం వేరైపోయింది. ఇంకో రకం చూడండి. ఆ ల అక్షరాన్ని మార్చకుండా, అసలు తీసేయండి. చదివేవారికి మూడేసి అక్షరాల చొప్పునే చదవడం తెలుసు. "కమల పకక డిగె" అని చదువుతారు. అక్కణ్ణుంచి చివరిదాకా అంతా గందరగోళమే. మూడో రకం కూడా ఉంది. నీళ్లు అనవలసిన చోట నీరు అన్నామనుకోండి, అక్షరం మారినా అర్థం మారలేదు. కణం భాషలోనూ ఒకే పువ్వుకు రెండు మూడు మాటలుంటాయి. అందుచేత కొన్ని మార్పులు ఎవరికీ తెలియకుండానే పోతాయి.

హీమోగ్లోబిన్ బీటా దండలో ఆరో పువ్వు దగ్గరికి రండి. అక్కడ పుస్తకంలో ఉన్న మాట జి.ఏ.జి. ఆ మాటకు గ్లుటామిక్ ఆమ్లం అనే పువ్వు గుచ్చాలి. అదే జి.ఏ.ఏ. అయితే, అర్థం ఒకటే కనుక అదే పువ్వు వస్తుంది, ఏమీ కాదు. కాని నడిమి ఏ అక్షరం టి గా మారి జి.టి.జి. అయిందా, గ్లుటామిక్ ఆమ్లం పోయి వేలిన్ అనే పువ్వు వచ్చి కూర్చుంటుంది. 146 పూలలో మారింది ఒక్కటి. 444 అక్షరాలలో మారింది ఒక్కటి.

గ్లుటామిక్ ఆమ్లం నీళ్లతో స్నేహంగా ఉండే రకం. వేలిన్ నూనె స్వభావం కలది, నీళ్లంటే గిట్టదు. నీళ్లలో పడ్డ నూనె చుక్కలు ఒకదాన్నొకటి వెతుక్కుని ఎలా అతుక్కుంటాయో మనం రోజూ చూసేదే. హీమోగ్లోబిన్ తాను తెచ్చిన ప్రాణవాయువును దింపేశాక, ఈ వేలిన్ పక్క హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. అది దాని పక్కదాన్ని పట్టుకుంటుంది. అలా అలా పొడుగాటి పుల్లలైపోతాయి. గారెలా గుండ్రంగా, మెత్తగా ఉండి ఎంత సన్నని నాళంలోనైనా దూరిపోవలసిన ఎర్ర కణం, లోపలి పుల్లల మూలంగా బిరుసెక్కి కొడవలిలా వంకర తిరుగుతుంది. చిన్న రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. అక్కడ రక్తం ఆడదు. అప్పుడు వచ్చే నొప్పి భరించరానిది. మామూలు ఎర్ర కణం 120 రోజులు బతికితే, ఈ కణం 10, 20 రోజులకే చితికిపోతుంది. అందువల్ల రక్తహీనత, కళ్లలో పసుపుపచ్చదనం. దీన్నే సికిల్ సెల్ జబ్బు, కొడవలి కణాల రక్తహీనత అంటారు.

1910లో షికాగోలో హెర్రిక్ అనే డాక్టరు ఒక యువకుడి రక్తంలో ఈ కొడవలి కణాలను చూసి రాశాడు. 1949లో పాలింగ్ బృందం తేడా అంతా హీమోగ్లోబిన్‌లో ఉందని తేల్చింది. ఆ తేడా ఒకే ఒక్క ఎమినో ఆమ్లం దగ్గర ఉందని 1950ల్లో ఇన్‌గ్రామ్ చూపించాడు. మన దేశంలో ఇది ఉన్నట్లు 1952లో నీలగిరి కొండల గిరిజనుల్లో కనిపెట్టారు. ఆదిలాబాదు అడవుల్లోని గోండు గూడేల్లోనూ, విశాఖ మన్యంలోనూ కూడా ఈ జబ్బుతో బాధపడే కుటుంబాలున్నాయి.

అడవి ప్రాంతాల్లోనే ఎందుకు ఎక్కువ? అది శాపం కాదు, పాపం కాదు. మలేరియా. అమ్మ ఇచ్చిన ప్రతిలోనో, నాన్న ఇచ్చిన ప్రతిలోనో ఒక్కదాన్లో మాత్రమే ఈ అక్షరం మారి ఉన్నవారిని వాహకులంటారు. వారికి రెండో ప్రతి మంచిది కనుక మంచి దండలు కూడా తయారవుతాయి, మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి వారికి కొంత రక్షణ కూడా ఉంటుంది. 1954లో ఆలిసన్ అనే ఆయన ఆఫ్రికాలో ఈ సంగతి చూపించాడు. దోమల మధ్య బతకవలసిన తాతముత్తాతల్లో ఈ అక్షరం ఉన్నవారు ఎక్కువగా బతికి బట్టకట్టారు. వారి పిల్లలకు అది సంక్రమించింది. ఒకప్పుడు ప్రాణం నిలబెట్టిన అక్షరమే రెండు వైపుల నుంచీ వచ్చి కలిసినప్పుడు ప్రాణం మీదికి వస్తోంది.

ఆ రెండు వైపులూ అన్న మాటే మీరు గట్టిగా పట్టుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరూ వాహకులనుకోండి. ఇద్దరి పిడికిళ్లలోనూ రెండేసి చీట్లున్నాయి, ఒకటి మంచిది, ఒకటి అక్షరం మారింది. బిడ్డ తల్లి పిడికిలిలోంచి ఒకటి, తండ్రి పిడికిలిలోంచి ఒకటి తీసుకుంటుంది. నాలుగింట ఒక వంతు రెండూ మారినవే వచ్చి బిడ్డకు జబ్బు ఉండవచ్చు. నాలుగింట రెండు వంతులు బిడ్డ తల్లిదండ్రుల్లాగే వాహకమవుతుంది. నాలుగింట ఒక వంతు రెండూ మంచివే. ఈ లెక్క ప్రతి కానుపుకూ మళ్లీ మొదటినుంచే. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక మిగతా ముగ్గురికీ రాదు అనుకోవడం పొరపాటు. తల్లి ఒక్కదాని వల్ల ఈ జబ్బు రాదు. తండ్రి ఒక్కడి వల్లా రాదు. గ్రహణానికి ఆ అక్షరం తెలియదు. బొప్పాయికాయకు ఆ భోషాణం తాళం రాదు. గర్భిణి మంచి తిండి తినాలి, ఐరన్, ఫోలిక్ ఆమ్లం మాత్రలు వేసుకోవాలి, అవన్నీ అవసరమే. కాని బిడ్డ కడుపున పడిన క్షణానికే ఆ అక్షరం రాసి ఉంది. తరువాత తల్లి తిన్నదీ, చూసినదీ, నడిచినదీ దాన్ని చెరపలేవు, రాయలేవు.

పక్కన ఇంకో జబ్బు పేరు కూడా చెప్పుకోవాలి, తలసీమియా. అందులో బీటా దండ తప్పుగా రావడం కాదు, తక్కువగా రావడమో, బొత్తిగా రాకపోవడమో జరుగుతుంది. ఇందాక "కమల పకక డిగె" అని చదివామే, అలా అక్షరం ఎగిరిపోయి గందరగోళమైన పాఠాలు కొన్ని. అక్కర్లేని పంక్తులు కత్తిరించే చోట అక్షరం మారి, చీటీ సరిగ్గా అతకనివి కొన్ని. తీవ్రమైన తలసీమియా బిడ్డకు రెండు, నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇది గిరిజనులకే పరిమితం కాదు, పల్లెల్లోనూ పట్నాల్లోనూ ఉంది. దీని లెక్కా అదే, రెండు వైపులా ఉంటేనే. మేనరికాల్లో, దగ్గర సంబంధాల్లో ఇద్దరికీ ఒకే తాతగారి నుంచి ఒకే మారిన అక్షరం వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే డాక్టర్లు వాటి గురించి హెచ్చరిస్తారు.

తల్లులకు ఒక గుర్తు చెబుతాను. సికిల్ సెల్ బిడ్డ పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. మన పుస్తకంలో శిశు హీమోగ్లోబిన్ అని వేరే పాఠం ఉంది, కడుపులో ఉన్నప్పుడు ఆ పేజీ తెరిచి ఉంటుంది. పుట్టిన తరువాత కొన్ని నెలల్లో ఆ పేజీ మూతపడి, బీటా పాఠం ముందుకొస్తుంది. అందుకే దాదాపు ఆరు నెలల వయసు నుంచి జబ్బు బయటపడుతుంది. చేతులు, పాదాలు వాచి బిడ్డ ఆపకుండా ఏడుస్తుంది. ఒళ్లు పాలిపోతుంది, కళ్లు పచ్చబడతాయి, మాటిమాటికీ జ్వరం వస్తుంది. మొన్నటిదాకా బొద్దుగా ఉన్న బిడ్డ ఇలా అయిపోతే దిష్టి అంటారు. దిష్టి తీస్తే తియ్యండి, కాని ఆ రోజే ఆస్పత్రికి కూడా తీసుకెళ్లండి. ఈ జబ్బున్న పిల్లలకు జ్వరం వస్తే ఆలస్యం చెయ్యకూడదు. ఐరన్ మాత్రలు ఒక్కటే దీనికి మందు అనుకోవద్దు. ఇది ఇనుము లోటు వల్ల వచ్చిన రక్తహీనత కాదు, ఏది ఇవ్వాలో డాక్టరు చెప్పాలి.

మందుల్లేవా అంటే ఉన్నాయి. హైడ్రాక్సీయూరియా అనే మందు మూతపడ్డ ఆ శిశు హీమోగ్లోబిన్ పేజీని కొంతవరకు తెరిపిస్తుంది, నొప్పులు తగ్గుతాయి. టీకాలు, పసివయసులో పెన్సిలిన్, నీళ్లు బాగా తాగడం, చలికి జాగ్రత్త, ఇవి ప్రాణం కాపాడేవే. జన్యువును కత్తిరించే పనిముట్టు ఒకటి తయారుచేసినందుకు 2020లో ఇద్దరు స్త్రీలు, షార్పెంటియే, డౌడ్నా నోబెల్ అందుకున్నారు. ఆ పనిముట్టుతో శిశు హీమోగ్లోబిన్ పేజీకి వేసిన గడియను విప్పే చికిత్సకు 2023 చివర్లో బ్రిటన్‌లోనూ, అమెరికాలోనూ అనుమతి ఇచ్చారు. అమెరికాలో దానికి పెట్టిన ధర 22 లక్షల డాలర్లు. గూడెంలో ఉన్న తల్లికి అది అందే దారి ఇంకా వెయ్యాలి.

అందేది మాత్రం ఒకటి ఉంది, రక్తపరీక్ష. 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ప్రారంభించారు. గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వారిని ఏడు కోట్ల మందిని పరీక్షించాలనీ, 2047 నాటికి ఈ జబ్బును తొలగించాలనీ లక్ష్యం పెట్టుకున్నారు. హైదరాబాదులో తలసీమియా, సికిల్ సెల్ సొసైటీ 1998 నుంచీ ఈ పిల్లల కోసం పనిచేస్తోంది. పెళ్లికి ముందు జాతకాలు చూపించుకునే వారు చూపించుకోండి. దానితోపాటు పిల్లకూ, పిల్లవాడికీ రక్తం కూడా చూపించండి. పెళ్లయిపోయిన వారు కడుపు పండిన తొలి నెలల్లోనే ఇద్దరూ పరీక్ష చేయించుకోండి. ఇద్దరూ వాహకులని తేలితే కడుపులో బిడ్డకు జబ్బు ఉందో లేదో మూడో నెల ప్రాంతంలో తెలుసుకునే పరీక్షలున్నాయి. ఆపైన ఏం చెయ్యాలన్నది డాక్టరుతో మాట్లాడి ఆ దంపతులు తేల్చుకోవలసిన విషయం.

కాని ఒక భయం ఉంది నాకు. ఈ పరీక్ష ఆడపిల్ల నెత్తిన ఇంకో రాయి కాకూడదు. వరకట్నం, రంగు, ఎత్తు చాలవన్నట్లు "పిల్ల రక్తంలో లోపం ఉందట" అని సంబంధాలు తప్పిపోయే రోజు రాకూడదు. వాహకురాలంటే రోగి కాదు. వాహకురాలు మామూలు రక్తమున్నవాణ్ణి చేసుకుంటే వారి పిల్లల్లో ఒక్కరికీ సికిల్ సెల్ జబ్బు రాదు, కొందరు తనలాగే వాహకులవుతారు, అంతే. సంగతి తెలియవలసింది ఇద్దరూ వాహకులా కాదా అన్నది. అది తెలియాలంటే ఇద్దరి రక్తమూ చూడాలి. పిల్లను మాత్రమే పరీక్షకు పంపి, "మా అబ్బాయికి ఎందుకండీ, వాడు రాయిలా ఉన్నాడు" అనే అత్తగారికి ఒక్కమాట చెప్పండి. వాహకులందరూ రాయిలాగే ఉంటారు. రాయి లోపల అక్షరం పైకి కనిపించదు.

మన ఒక్కొక్కరి పుస్తకంలోనూ ఎక్కడో అక్కడ మారిన అక్షరాలున్నాయి. అచ్చుతప్పు లేని ప్రతి ఈ భూమ్మీద ఎవరికీ లేదు. ఏ అక్షరం ఎక్కడ మారిందో తెలుసుకునే వీలు ఇప్పుడు మనకు దొరికింది. ఆ తెలివిని తల్లిని నిందించడానికి కాక బిడ్డను కాపాడుకోవడానికి వాడుకుందాం. ఈ వారంలోనే మీ ఇంట పెళ్లీడుకొచ్చిన వారుంటే, ఆడపిల్లనూ, మగపిల్లవాణ్ణీ ఇద్దర్నీ, దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లి ఈ పరీక్ష గురించి అడగండి.